గంగమ్మకు తెచ్చిన కాయ

ఆదివారం రాత్రి, కాకినాడ

నేను చెబుతున్నాను, నా కొడుకు రాస్తున్నాడు. ఒక్క ముక్క వదిలినా ఊరుకోను.

ఈ ఊరికి కొత్తగా కాపురం వచ్చాం కదా, ముందు సముద్రం దగ్గర గంగమ్మకు కాయ కొట్టాలని తణుకు నుంచి కొబ్బరికాయ మోసుకొచ్చాను. ఇవాళ అందరం సముద్రానికి వెళ్లాం. "అత్తయ్యగారూ, ఇసకలో మీరు నడవలేరండి. చెప్పులు చూస్తూ ఇక్కడే కూర్చోండి" అంది కోడలు. వరిచేలల్లో బురద తొక్కిన కాళ్లకు ఇసకొక లెక్కా! వాళ్లు పిల్లలతో నీళ్లలో ఆడి, ఫొటోలు దిగి, చీకటి పడ్డాక వచ్చారు.

"పదమ్మా, బస్సు పోద్ది" అన్నాడు వీడు.

"మరి కాయరా?"

"ఇంకోసారి చూద్దాంలే."

ఇంటికొచ్చాక కోడలు, "రేపు ఇడ్లీల్లోకి చట్నీ చేసేయనాండి?" అని అడిగింది.

కాయ నా పక్కలో పెట్టుకున్నాను. రేపు ఒక్కదాన్నే పోతాను. ఏ బస్సెక్కాలో కింద పెద్ద అక్షరాలతో రాయి, కండక్టరుకు చూపిస్తాను.

తల వంచుకుంటావేంరా, రాయి.