ఖాళీ గడిలో విడుదల

నవంబర్ 4, విల్నియస్
నేను తయారుచేసిన సైట్ లైవ్‌లోకి వెళ్ళింది. సరిహద్దు అవతల ప్రభుత్వాన్ని ఎదిరించినందుకు జైళ్ళలో పెట్టిన వాళ్ళందరి పేర్లూ, మనిషికో పేజీ. ఫొటో, ఊరు, చివర స్టేటస్ గడి. అందులో మూడే మాటలు: విడుదల, జైలు, మరణం.

యద్విగ తిట్టలేదు, అంటే మెచ్చుకున్నట్టే. ఆమె అక్కడ ఆరేళ్ళు జైల్లో ఉండి ఇటు వచ్చేసిన మనిషి. ఈ సంస్థంతా ఆవిడా, ఒక పాత ప్రింటరూ. నాకు నలభై దాటినా అమ్మాయ్ అనే పిలుస్తుంది. బంగాళాదుంప అట్లు తెచ్చింది, మూడు తిన్నాను.

నవంబర్ 8
వాన. ఒక్క ఎర్రరూ లేదు. నా పని నాకే ముద్దొస్తోంది.

నవంబర్ 12, ఉదయం 10
యద్విగ ఫోన్ పెట్టేసి, ఏం చేశావే అమ్మాయ్ అంది. గొంతు పెంచలేదు.

కాజిమిర్ అని ఒక సంగీతం మాస్టారు. రెండేళ్ళుగా ఉత్తరం లేదు, ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. అందుకే యద్విగ అతని స్టేటస్ ఖాళీగా వదిలేసింది. సైట్‌లో మాత్రం విడుదల అని పడింది. భార్య తెరెసా చూసింది, ఇందాకటి ఫోన్ ఆవిడదే. ఆయన చలికోటు, బూట్లు మూట కట్టుకుని రెండు రైళ్ళు మారి జైలు గేటు దగ్గర రెండు రోజులు నిలబడింది. అలాంటివాడు ఇక్కడ లేనే లేడు, ఇంటికి పోయి పొయ్యి రాజేసుకోవమ్మా అన్నాడట కాపలావాడు.

మధ్యాహ్నం 2
దొరికింది. ఖాళీ గడులంటే నాకు చిరాకు. ఖాళీగా ఉంటే లిస్టులో మొదటి మాట తీసుకో అని కోడ్‌లో ఒక లైన్ రాశాను. లిస్టు అక్షరక్రమంలో ఉంది. వాళ్ళ భాషలో విడుదలే ముందొస్తుంది.

మొత్తం నలభై ఒక్కమందిని విడుదల చేశాను. తెలియదు అనే నాలుగో మాట చేర్చి అందర్నీ అందులోకి మార్చాను. ఈ మాట మొదట్నుంచీ ఉండాల్సింది. యద్విగ ఇప్పటికీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నవంబర్ 15
తెరెసా ఫోన్ చేసింది. యద్విగ లేదు, నేనే తీశాను. క్షమించమన్నాను. ఏడ్చాను కూడా.

ఆవిడ నన్ను ఊరుకోబెట్టింది. రెండేళ్ళుగా ఎదురు చూస్తూనే ఉన్నాను తల్లీ, ఆ రెండు రోజులూ ఎదురు చూడలేదు, మా ఆయన్ని తీసుకురావడానికి వెళ్ళాను అంది. పందొమ్మిదిన ఆయన పుట్టినరోజట. ఆ ఒక్కరోజు విడుదల అన్న మాట మళ్ళీ పెట్టవా అని అడిగింది.

నవంబర్ 16
యద్విగ కుదరదంది. ఒక్క పేరు దగ్గర అబద్ధం దొరికితే చాలు, మిగతా పేర్లన్నీ అబద్ధమని అవతలి ప్రభుత్వం చాటింపు వేస్తుంది అంది. నిజమే. తర్వాత ఆవిడే తలుపు వేసుకుని చాలాసేపు బయటికి రాలేదు.

నవంబర్ 19, సాయంత్రం 7
సైట్‌లో కాజిమిర్: తెలియదు.

ఇంకో పేజీ ఉంది. అందులో కాజిమిర్: విడుదల. యద్విగకి చెప్పలేదు. ఆ లింకు తెరెసా ఒక్కదానికే పంపాను. పొద్దుట్నుంచి ముప్పై ఏడుసార్లు తెరిచింది.

రేపు దాన్ని చెరిపేసే లైన్ రాశాను. ఇంకా సేవ్ చెయ్యలేదు.