రెండు చక్రాల ట్రెయిలరు

బుధవారం, రాత్రి

మళ్లు చదును చేసే మా చిన్న బుల్డోజరును ఊరూరా తీసుకుపోడానికి గూడూరులో ఈ రోజు మా ట్రాక్టరు వెనక తగిలించే రెండు చక్రాల ట్రెయిలరు ఖాయం చేసినాను. నాలుగు చక్రాలది మైపాడు ఇసక దారిలో తిరగదని నా పంతం. పొడవు, వెడల్పు కొలిచి, చాలనుకున్నాను.

ఇంటికొస్తే, ఎద్దులబండి తోలే పెంచలయ్య మామ ఒకటే అడిగినాడు.

"కాడి మీద బరువు పడతాదా రా? వెనక బరువెక్కితే కాడి లేస్తాది, ఎద్దు మెడకు ఉరి."

"ట్రాక్టరుకు మెడ యాడుంది మామా?" అని నవ్వేసినాను.

పడుకుంటే నిద్ర పట్టలా. దించేటప్పుడు సులువని బుల్డోజరును వెనక్కి నడిపి ఎక్కిద్దామనుకున్నాను. అట్లయితే బుల్డోజరు ముందుభాగంలో ఉండే ఇంజను బరువంతా ట్రెయిలరు చక్రాల వెనకే పడి, ట్రెయిలరు ముందు కొస కాడి మాదిరే లేచి ట్రాక్టరు వెనక భాగాన్ని ఎత్తేస్తుంది. ముందుకు నడిపి ఎక్కిస్తే మన్ను నెట్టే బ్లేడు ట్రాక్టరుకు తగులుతుందేమో, అది కొలవనే లేదు.

ట్రాక్టరుకు మెడ లేదు, నిజమే. రేపు దాని మీద కూర్చుని తోలే మా తమ్ముడికి ఉంది.