అల్‌కోయ్‌లో సగం నేసిన చీర

అల్‌కోయ్, ఇస్పేను దేశం
12 ఫిబ్రవరి 1935

జములమ్మకు,

నీ భర్త పెంటయ్య దీవించి రాయునది. నేనిక్కడ క్షేమం. చలి మాత్రం ఎవరినీ క్షేమంగా ఉండనిచ్చేట్టు లేదు.

నన్ను వెంటబెట్టుకొచ్చిన బొంబాయి సేటు చెప్పింది నిజమే. ఇది మన గద్వాల లాగే నేతగాళ్ళ ఊరు. కాకపోతే లోయ అంచున కట్టుకున్నారు, పక్కవీధికి పోవాలన్నా వంతెన దాటాలి. పూర్వం కింది వాగు నీళ్ళతోనే మిల్లులు తిరిగేవట. ఇప్పుడు ఎటు చూసినా పొగగొట్టాలే. వందేళ్ళ కిందట నూలు వడికే యంత్రాలు కొత్తగా వచ్చినప్పుడు చుట్టుపక్కల పల్లెల జనం వచ్చి వాటిని తగలబెట్టారట. ఆ చోటు చూపిస్తే నేను చేతులెత్తి మొక్కాను. నన్ను తీసుకెళ్ళిన మిల్లు యజమాని మొహం తిప్పుకున్నాడు.

ఆ యజమాని పాత చేతిమగ్గాలన్నీ ఒక పెద్ద హాలులో దాచిపెట్టాడు. దాన్ని అజాయబ్‌ఘర్ అంటారు. నన్నూ అందులోనే పెట్టారు. నా చుట్టూ తాడు కట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం వచ్చి చూసిపోతున్నారు. మగ్గానికి గుంట తవ్వుతానంటే యజమాని ఒప్పుకోలేదు, రాతినేలట. చివరికి బల్లలతో ఎత్తు కట్టి ఇచ్చాడు.

ఇక్కడి ముసలి నేతగాడొకడు నన్ను చూసి నవ్వాడు. పట్టు అంచును నూలు చీరకు సూది లేకుండా మగ్గం మీదనే కలపడం జరగని పని అన్నాడు. ధరూరు సామ్యూల్ ఆ మాట తెలుగులో చెప్పాడు. సామ్యూల్ సేటు దగ్గర వంటవాడు, ఓడల మీద పదేళ్ళు తిరిగి ఈ భాష నేర్చినవాడు. "చీర దించినంక మాట్లాడుదామని చెప్పు" అన్నాను. ఆ చీర పూర్తయితే గానీ ఈ ఊరు కదలను.

ఇట్లు,
పెంటయ్య

తా.క.: నిన్న ఒక చిన్నపిల్ల తాడు కింద నుంచి దూరి నన్ను గిల్లి చూసింది. నేను కదిలేసరికి కెవ్వున అరిచి పారిపోయింది.

*

గద్వాల
8 మార్చి 1935

మా వారి పాదాలకు,

జములమ్మ నమస్కరించి బడిపంతులు రామస్వామి గారి చేత రాయిస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. మీరు బాగున్నారో లేదో మాకు తెలియాలి.

అజాయబ్‌ఘర్ అంటే ఏమిటని పంతులు గారిని అడిగాను. ఆయన మద్రాసులో చూశారట. చచ్చిన పులి, చచ్చిన మొసలి, వాటి కడుపులో గడ్డి కూరి నిలబెట్టి చుట్టూ తాడు కడతారట. "మరి బతికున్న మనిషిని అండ్ల ఎందుకు పెట్టిన్రు పంతులూ?" అంటే ఆయన అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. మా అక్క నర్సమ్మ వచ్చి, "గిల్లి చూసిండ్రంటే చర్మం ఎట్లుందో చూసిండ్రే" అన్నది. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

అసలు ఆ ఊరి పేరులోనే కోయ్ అని ఉంది. బయలుదేరేటప్పుడే అడగవద్దా?

ముసలాయన నవ్వితే నవ్వనివ్వండి. ఈ ఉత్తరం అందిన రోజే ఓడ ఎక్కండి. ఎవరైనా గడ్డి పట్టుకొని దగ్గరికి వస్తే గట్టిగా అరవండి.

ఇట్లు,
జములమ్మ

మనవి: ఇది పంతులు సొంత మాట. పులి సంగతి చెప్పింది నేనే. మనుషులకు కూడా కూరుతారని మాత్రం నేననలేదు. మీరు బతికే ఉన్నట్టు ఒక ముక్క రాయండి. వీధిలో ఆడవాళ్ళు నా వైపు చూసే చూపు బాగాలేదు.

*

అల్‌కోయ్
26 ఏప్రిల్ 1935

జములమ్మకు,

పెంటయ్య రాయునది. నేను బతికే ఉన్నాను. నా కడుపులో సామ్యూల్ వండిన అన్నం తప్ప ఏ గడ్డీ లేదు. పంతులు గారికి నా దండాలు చెప్పి, ఇక మీదట మద్రాసు సంగతులు చెప్పవద్దని నా మాటగా చెప్పు.

పని మాత్రం సాగడం లేదు. మన మగ్గం మీద అంచు కలపాలంటే అవతలి పక్కన ఇంకొక చెయ్యి ఉండాలి కదా. అక్కడ నువ్వుండేదానివి. పోగు చుట్టిన నాడె విసిరితే అడగకముందే నీ చెయ్యి అందుకునేది. ఇక్కడ సామ్యూల్‌ను కూర్చోబెట్టాను. "ఇప్పుడు పట్టుమంటవా అన్నా?" అని అడిగేసరికి నాడె నేల మీద పడి ఉంటుంది. రెండు నెలల్లో నాలుగు మూరలు దిగింది. అంచు, నూలు కలిసే చోట కలుపు వదులుగా ఉంది. ముసలాయన రోజూ వచ్చి వేలుపెట్టి చూసి, తల అడ్డంగా ఊపుకుంటూ పోతున్నాడు. ఆ తల ఊపుడే నాకు కష్టంగా ఉంది. విప్పి మళ్ళీ నేస్తాను, వదలను.

ఈ వారం పని జరగలేదు. ఊళ్ళో యుద్ధం వచ్చింది. ఆరు వందల ఏళ్ళ నాటి యుద్ధమట, ఏటా చేస్తారట. సామ్యూల్ దీన్ని పండుగ అంటాడు. నడిబజారులో కట్టెలతో కోట కట్టారు. సముద్రం దాటి వచ్చిన మూరులనే ముసల్మానులది ఒక పక్షం, ఊరివాళ్ళది ఒక పక్షం. నాకు తలపాగా ఉందని మూరుల్లో కలిపేశారు. పొద్దున కోట గెలిచాం. సాయంత్రం ఓడిపోయాం. తుపాకుల మోతకు ఇంకా చెవులు గింగురుమంటున్నాయి.

ఇట్లు,
పెంటయ్య

తా.క.: నాకేమీ కాలేదు. ఎడమ పక్క మీసం కాలింది, అంతే.

*

గద్వాల
20 మే 1935

మా వారికి,

జములమ్మ రాయించునది. మీసం దాకా వచ్చినది తల దాకా రావడానికి ఎంత సేపు? యుద్ధాన్ని పండుగ అనే జనం మధ్య మీరున్నారు. పైగా ఓడిపోయిన పక్షంలో ఉన్నారు. రమ్మంటే రారు. మొండితనం మీ ఒక్కరికే ఉందనుకోవద్దు.

నేనే వస్తున్నాను. మగ్గం నర్సమ్మకు అప్పజెప్పాను. రాయచూరు దాకా బండి, అక్కడి నుంచి బొంబాయి రైలు. సేటు ఇంటి గడపలో కూర్చుంటాను. దారి చూపించేదాకా లేవను.

నేను వచ్చేదాకా గట్టిగా ఉండండి.

ఇట్లు,
జములమ్మ

మనవి: ఆపి చూశాను. "ఇస్పేను ఎటు దిక్కున్నదో తెల్సా నీకు?" అన్నాను. "తెల్వదు. ఓడ నడిపేటోనికి తెల్సు గదా" అన్నది. – రామస్వామి

*

గద్వాల
28 జూన్ 1935

జములమ్మకు,

పెంటయ్య రాయునది. ఎక్కడి నుంచి రాస్తున్నానో సామ్యూల్ పైన చదివి వినిపించాడు కదా. కోప్పడకుండా విను.

యుద్ధం ఉత్తరం పోస్టు చేశాక నాకు నిద్ర పట్టలేదు. అసలే ముద్ద దిగడం లేదన్న మనిషికి మీసం సంగతి ఎందుకు రాశానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. నెల రోజులు పంతంతో మగ్గం మీద కూర్చున్నాను గానీ, అవతలి పక్క చూసినప్పుడల్లా సామ్యూలే కనిపించేవాడు. చివరికి ఆ నాలుగు మూరలు మగ్గం మీదనే వదిలి ఓడ ఎక్కాను. నువ్వు బయలుదేరుతున్నట్టు రాసిన ఉత్తరం నాకు అందనే లేదు.

ఇంటికి వస్తే తాళం. నర్సమ్మ నన్ను చూసి ముందు చెయ్యి గిల్లింది. తర్వాత, "అది నీ కోసం ఓడెక్కింది గదయ్యా!" అని ఏడ్చింది.

ఏడెన్ దాటాక ఎదురుగా ఒక ఓడ పోయింది. మా ఓడలో అందరూ చేతులు ఊపితే నేనూ ఊపాను. అందులో నువ్వున్నావేమో.

జరిగిందేదో జరిగింది. ఆ చీర సంగతి మరిచిపో. ఈ ఉత్తరం అందగానే తిరిగి రా.

ఇట్లు,
పెంటయ్య

తా.క.: పంతులు గారు బడికి సెలవు పెట్టి ఊరికి పోయారు. నేను ఇంటికి వచ్చిన గంటలోపే పోయారు.

*

అల్‌కోయ్
25 జులై 1935

మా వారికి,

జములమ్మ సామ్యూల్ చేత రాయించునది. నేను క్షేమం. బొంబాయిలో సేటు ఇంటి గడపలో మూడు రోజులు కూర్చున్నాను. సేటు భార్య ఎలాగూ ఇక్కడున్న భర్త దగ్గరికే బయలుదేరుతున్నదట. నన్ను దాటుకొని పోవడం కుదరక వెంట తీసుకొచ్చింది. ఏడెన్ దగ్గర నేను చెయ్యి ఊపలేదు. వాంతులతో పడుకొని ఉన్నాను.

వచ్చి చూస్తే మీరు లేరు. మగ్గం ఉంది. కలుపు మీద చెయ్యి పెట్టి చూశాను. ఇరవై ఏళ్ళలో మీ చేతి నుంచి అంత వదులు నేత రాలేదు. ఎంత దిగులుతో కూర్చున్నారో నాకు ఆ నేత చూస్తే తెలిసింది. అక్కడే కాసేపు ఏడ్చాను. తాడు అవతల జనం ఉన్నా ఏడ్చాను.

తర్వాత కళ్ళు తుడుచుకొని మగ్గం మీద కూర్చున్నాను. మీ నాలుగు మూరలు వదిలి, అదే పడుగు మీద చీరను మొదటినుంచి ఎత్తుకున్నాను. సామ్యూల్‌ను వంటింటికి పంపాను. నవ్విన ముసలాయనను పిలిచి, "నవ్వినోళ్ళే పట్టాలె, రా!" అని అవతలి పక్కన కూర్చోబెట్టాను. ఆయనకు నా మాట రాదు, నాకు ఆయన మాట రాదు. చేతులకు మాటలెందుకు? మొదటి రోజు నాడె మూడుసార్లు పడింది. రెండో రోజు ఒక్కసారి కూడా పడలేదు. అంచు నూలులో కలిసిన చోట ఆయనే గోరు పెట్టి గీకి చూసుకున్నాడు. ఎక్కడా ఊడలేదు. టోపీ తీసి మగ్గం మీద పెట్టాడు.

చీర నిన్న దించాను. మిల్లు యజమాని అది తన అజాయబ్‌ఘర్‌కే కావాలన్నాడు. "కట్టుకునే చీరకు అద్దాలపెట్టె ఎందుకయ్యా?" అన్నాను. ఇవ్వలేదు. అదే కట్టుకొని రాయచూరులో దిగుతాను. మీరు మాత్రం ఇల్లు కదలవద్దు. మీరు మళ్ళీ ఓడ ఎక్కారంటే ఈ జన్మకు మనం కలుసుకోలేం.

ఇట్లు,
జములమ్మ

తా.క.: యజమాని మరీ బతిమాలాడు. అంత బతిమాలిన మనిషిని ఉత్తచేతులతో పొమ్మంటే బాగుండదని, మీరు నేసిన నాలుగు మూరలు కత్తిరించి ఇచ్చాను. అద్దాలపెట్టెలో పెట్టారు. గద్వాల నేత అంటే ఇదేనని కింద మీ పేరు చెక్కించారు. పేరు నేను చెప్పలేదు, నా నోట రాదు కదా. సామ్యూల్ చెప్పాడు. రోజూ జనం వరుసకట్టి చూస్తున్నారు. వదులు సంగతి వాళ్ళకు తెల్వదు. ముసలాయనకు తెలుసు, ఎవరికీ చెప్పనని ఒట్టేశాడు.