బావగారి చొక్కాల బొంత

మార్చి 4

ప్రియమైన అక్కా,

టెలిఫోన్ ఆఫీసులో రిటైరయ్యాక ఏం చేస్తావే అని అడిగావుగా. కుట్టుమిషన్ కొన్నాను! నవ్వుతావని తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లు దర్జీ పని చేసినదాని చెల్లెలినై ఉండి గుండీ కూడా తిన్నగా కుట్టలేను. పాత ఇనుము కొట్లో దొరికింది, చేత్తో తిప్పేది. వయసులో మన అమ్మమ్మ కంటే పెద్దదై ఉంటుంది. కింది పలక విప్పితే, ఛీ! జిగురులా గడ్డకట్టిన నూనె, ఉండ చుట్టుకున్న ఎవరివో తలవెంట్రుకలు, మధ్యలో బొద్దింక గుడ్లు, ఒక విరిగిన గోరు. గోరక్కా! ముక్కుకు గుడ్డ కట్టుకుని మూడు రోజులు కిరోసిన్‌తో కడిగాను. తిండి సయించలేదు. అయినా చక్రం గిర్రున తిరిగేసరికి ఆ రోతంతా మర్చిపోయాను.

శనివారాలు లైబ్రరీ పై గదిలో బొంతల క్లబ్బు. ఏడుగురం ఉన్నాం. పోయినవాళ్ల బట్టలతో బొంత కుట్టి ఇంట్లోవాళ్లకు జ్ఞాపకంగా ఇవ్వడం అక్కడ అందరూ చేస్తున్నారు. బావగారు పోయాక ఆయన చొక్కాల మూట పడేసి రమ్మని నా చేతికిచ్చావే, నేను పడేయలేదు. మనసొప్పలేదు. మీ ఇంట్లో ఉండి చదువుకున్న రెండేళ్లూ నన్ను కూతురిలా చూసుకున్న మనిషి. ఆ పద్నాలుగు చొక్కాలూ ఉతికి కుట్టాను, బొంతయి నీ దగ్గరికి పార్సిల్లో వస్తున్నాయి. తనివితీరా చూసుకుని మళ్లీ పంపు. వచ్చే నెల మా ప్రదర్శన ఉంది.

నీ పొట్టి

మార్చి 15

పొట్టీ,

ప్రియమైన అని రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు.

బొంత అందింది. అది కుట్టా? దారం బిగువు లేక అడుగున ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. గళ్లు గళ్లతో కలవలేదు. దూదంతా ఒక మూలకు పోగైంది. కాలర్లు కోసి తెచ్చి నడిమధ్యలో అతికించావు, బొంతకు కాలరెందుకే? ఉతికానన్నావు, ఏం ఉతికావు? మెడ దగ్గర మడ్డి అలాగే ఉంది, తలనూనె వాసన గుప్పుమంది. పార్సిలు విప్పగానే బాత్రూములోకి పరుగెత్తాను.

నిక్షేపంలాంటి గుడ్డని ముక్కలు చేసి, ఆ ముక్కల్నే మళ్లీ కలిపి కుట్టడం ఏం సరదానో! పొట్ట కోసం కుట్టినవాళ్లకు ఇవి చూస్తే ఒళ్లు మండుతుంది.

వెనక్కి పంపుతున్నాను. ఎక్కడా పెట్టకు. నా చెల్లెలు ఇలా కుట్టిందంటే నాకు తలవంపులు. మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. నువ్వు చన్నీళ్లలో చేతులు పెట్టకు.

అక్క

ఏప్రిల్ 2

ప్రియమైన కోపిష్టి అక్కా,

రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు బొంతంతా విప్పేసి మళ్లీ కుట్టాను. బిగువు సరిచేశాను, గళ్లు కలిపాను, మెడలు వేడినీళ్లలో మూడుసార్లు ఉతికాను. ఇప్పుడు వంక పెట్టు చూద్దాం! కాలర్లు మాత్రం తీయను. వాటిని చూస్తే బావగారిని చూసినట్టే ఉంటుంది.

మా క్లబ్బు పెద్దావిడ పళ్ల డాక్టరు, ఎవరినీ ఊరికే మెచ్చుకోదు. హాల్లో నడిమి గోడ మనకే ఇచ్చింది. కింద పెట్టడానికి కార్డు కూడా రాయించింది: ‘నలభై ఆరేళ్ల దాంపత్యం. ఆమె కుట్టింది, ఆయన తొడుక్కున్నాడు.’ ఎంత బాగుందో కదా! ప్రదర్శన అయ్యాక బొంతా కార్డూ లైబ్రరీ గోడకే ఉంచేస్తారట. ఆదివారం పదింటికి నువ్వు వచ్చి బావగారి గురించి రెండు మాటలు చెప్పాలి. టాక్సీ పంపుతాను.

ఒక సంగతి అడగాలి. విప్పుతుంటే కనబడింది. పద్నాలుగు కాలర్లకీ కుట్టు పక్కనే పాత సూది రంధ్రాలున్నాయి. కొన్నిటికి రెండు వరసలు, ఒకదానికి నాలుగు. కుట్టి, విప్పి, మళ్లీ కుట్టినట్టు. నువ్వు ఒకసారి కుట్టినదాన్ని మళ్లీ ముట్టుకోవు కదా! ఏమిటవి?

నీ పొట్టి

ఏప్రిల్ 6

పొట్టీ,

నేను రాను. ఆ కార్డు తీసెయ్.

నీ కుట్టు బాగాలేదని రాసింది సాకు. కొత్తదానివి, అంత ఘోరంగా ఏం కుట్టలేదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. కొత్త చొక్కా కుట్టి ఇస్తే మీ బావ మంచం మీద కూర్చుని కాలరు పొడుగునా గోటితో గీరుకుంటూ పోయేవాడు. ఒకచోట ఆగేవాడు. “ఇక్కడ వంకర” అనేవాడు. వంకర ఉండేది కాదు. ఊళ్లో సగం మందికి కుట్టినదాన్ని, నా కుట్టు నాకు తెలియదా? బ్లేడు నా చేతికిచ్చి, ఒక్కో పోగూ విప్పుతుంటే ఎదురుగా కూర్చుని చూసేవాడు. పెదాలు తడుపుకునేవాడు. మళ్లీ అదే చోట అదే కుట్టు వేసిస్తే “ఇప్పుడు బాగుంది” అనేవాడు.

ఒక్కనాడూ చెయ్యి చేసుకోలేదు. తిట్టలేదు. ఎవరికి ఏమని చెప్పను? మొగుడు కాలరు విప్పించాడంటే నవ్విపోరూ? నీ పెళ్లికి ఆలస్యంగా వచ్చానని నెల రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. ఆ పొద్దున నాలుగుసార్లు విప్పించాడు. నాలుగు వరసలున్నది ఆ చొక్కాయే.

ఆయన పోయిన రోజు అందరి ముందూ బంగారం లాంటి మనిషని ఏడ్చాను. ఆయన మీద కంటే నా మీద నాకే ఎక్కువ రోత. ఆ కార్డు గోడ మీద ఉంటే నేను పోయాక కూడా ఆ అబద్ధం బతికే ఉంటుంది.

నువ్వు బాధపడకు. మా ఇంట్లో ఉన్నప్పుడు చిన్నపిల్లవి, నీకేం తెలుసు.

అక్క

ఏప్రిల్ 9

ప్రియమైన అక్కా,

బొంత దించేశాను. కార్డు చించేశాను. పెద్దావిడ ఎందుకని అడిగితే “మా అక్క వద్దంది” అన్నాను, అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. నడిమి గోడ ఖాళీగా ఉంది. బొంతను చెత్త బండిలో వేసి, అది నలిగి లోపలికి పోయేదాకా రోడ్డు మీద నిలబడి చూశాను.

నీకేం తెలుసు అని రాశావు.

తెలుసక్కా. ఆ రంధ్రాలు చూడగానే గుర్తొచ్చింది, నువ్వు ఇంకేదో చెబుతావేమోనని అడిగాను. బావగారు అనడానికి నోరు రావడం లేదు నాకు. ఆ రెండేళ్లూ “పొట్టీ, బ్లేడు తే” అని పిలిచేవాడు. బీరువా పై అరలో ఉండేది, స్టూలు ఎక్కి తీసి పరుగెత్తుకొచ్చేదాన్ని. తెచ్చినందుకు చాక్లెట్టు ఇచ్చేవాడు. అక్కడే కూర్చుని తింటూ నువ్వు విప్పడం చూసేదాన్ని. ఒకసారి నీ వేలు తెగింది. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. నువ్వు తలెత్తి నా వైపు చూశావు, ఆయన వైపు కాదు.

ఆ చూపు అప్పుడు అర్థం కాలేదని రాసి, కొట్టేశాను. పదహారేళ్లదాన్ని, అర్థమైంది. అయినా మర్నాడు పిలిస్తే మళ్లీ తెచ్చిచ్చాను.

ఆదివారం టాక్సీలో నేనే వస్తున్నాను. తలుపు తీయడం, తీయకపోవడం నీ ఇష్టం.

పొట్టి