సఫియా పోసిన కహ్వా

బర్కా, ఒమాన్
1994 మే

నా కన్నతల్లిలాంటి కనకక్కకు,

ఈ ఉత్తరం చదివి ఏడవకు. ఈ తోట విడిచి పారిపోతున్నాను. శుక్రవారం మన దిక్కు డ్రైవరు వహీద్ భాయ్ పికప్‌లో సహం ఊరికి పోతాను. పాస్‌పోర్టు యజమాని అర్బాబు దగ్గరే ఉంది. పోలీసులకు దొరికితే జైలే. అయినా సరే, ఇక్కడ ఉండను.

తోటకూ యజమాని ఇంటికీ నడుమ గోడ ఉంది. అవతల వాళ్లు. ఇవతల ఖర్జూరం చెట్లు, బావి మోటారు, నా రేకుల రూమ్. నాతో మాట్లాడేవాళ్లు లేరు. గోడలోని చిన్న తలుపు తీసుకుని అర్బాబు కూతురు సఫియా వచ్చేది. ఆరేళ్లుంటాయేమో, నీ బిడ్డ రజిత అంతే. సాయంత్రం ఫ్లాస్కులో కహ్వా తెచ్చేది. పాలు లేని చేదు కాఫీ. నేను నా స్టీలు గ్లాసు గట్టు మీద పెట్టి, దూరం జరిగి నిలబడేవాణ్ణి. అది పోసేది. నేను "నీళ్లు" అంటే అదీ "నీల్లు" అని నవ్వేది. రోజంతటికీ నేను విన్న మనిషి గొంతు అదే.

నిన్న వాళ్లు తాగే చిన్న కప్పు తెచ్చి నా చేతికియ్యబోయింది. వద్దని గ్లాసు చూపాను. ఇంతలో వాళ్ల నాయనమ్మ తలుపులో నుంచి చూసింది. అరుచుకుంటూ వచ్చి, నా గ్లాసు బావి దిక్కు విసిరికొట్టింది. పిల్లను రెక్క పట్టి లాక్కుపోయింది. గొళ్లెం పడింది.

అక్కా, బడిలో పటేలు కూతురు మనకు పైనుంచి నీళ్లు పోస్తుంటే దోసిలి పట్టేవాళ్లం, యాదికుందా? ఒకనాడు దూప ఆగక చెంబు అందుకున్నాను. "మాదిగ పోరడు ముట్టిండు" అని ఆ చెంబు పెంటలో పారేశారు. సముద్రం దాటి వచ్చినా అదే చెంబా? నాకు ఒళ్లు మండిపోతోంది.

నీ తమ్ముడు
లింబాద్రి


బర్కా
శుక్రవారం, చీకటి పడ్డాక

అక్కా,

ఆ ఉత్తరం వెనకే ఇదీ వేస్తున్నాను. నేను పోలేదు.

పొద్దున వహీద్ భాయ్ బండి ఆపగానే ముసలమ్మ అడ్డం వచ్చి అరబ్బీలో దులిపేసింది. భాయ్ పకపకా నవ్వాడు.

"పాగల్ హై క్యా రే లింబాద్రీ! మేం తాగే కప్పు ఈ హిందీకి, అంటే నీకు, పనికిరాదా అంటుంది. పిల్ల రోజూ తెస్తే గ్లాసు వేరే పెడతడంట, దూరం నిలబడతడంట. మేమేమన్న కుక్కలమా అని అడుగుతుంది. చెప్పు మరి!"

వాళ్లను నేను అంటరానివాళ్లుగా చూస్తున్నానని అనుకుంది, అక్కా! నేను!

చెట్టు కింద చాప వేయించింది. ఖర్జూరాలు పెట్టింది. కప్పులో పోసుకుని తాగింది. అదే కప్పు నింపి సఫియాతో నాకు పంపింది. ఎవరూ చెప్పకుండానే నా రెండు చేతులు దోసిలి అయిపోయాయి.

"కాఫీ రా, కాలుతది!" అన్నాడు భాయ్.

సఫియా నా చేతులు విడదీసి, కుడిచేతిలో కప్పు పెట్టింది. తాగాను. మళ్లీ పోసింది. తాగాను. మళ్లీ పోసింది. ఎట్లా వద్దనాలో తెలియదు. చివరికి అదే నా మణికట్టు పట్టుకుని కప్పు అటూ ఇటూ ఊపింది. ఇక చాలు అనడం ఇక్కడ అట్లనట. మన ఊళ్లో మన వాడ బయటివాళ్లెవరూ నా చేయి అట్లా పట్టుకోలేదు.

అంతా మారిందనుకోకు. చాప తీసేశారు, తలుపు మూసేశారు. ఆ తలుపు దాటి నేను పోరాదు. పాస్‌పోర్టు అర్బాబు పెట్టెలోనే ఉంది. ఎండాకాలం సెలవుల తర్వాత సఫియాను బడిలో వేస్తారట, ఇటు రాదు. అప్పుడు నాకు మళ్లీ మోటారు చప్పుడే. అయినా వాళ్ల మీద కోపంతో పారిపోను. నా కోపం వాళ్ల మీద కాదని తెలిసింది. ఆ దోసిలి నా చేతులకు నేర్పినవాళ్ల మీద.

జూన్‌లో రజితను బడికి పంపుతావు కదా. దోసిలి పట్టనియ్యకు. కుండలో చెంబు ముంచుకుని తాగమను. ఎవడన్నా అరిస్తే నువ్వు పోయి దాని పక్కన నిలబడు. నేనక్కడ లేను.

నా గ్లాసు బావి పక్కన సొట్టపడి ఉంది. దాన్ని తీయను.

నీ
లింబాద్రి