పత్తి పోగు అన్నాను

విరుదునగర్,
14 మార్చి 2025, శుక్రవారం.

కలైసెల్వి అక్కకు,

బృంద నమస్కారం. ఇక్కడ నేను ఆరోగ్యంగానే ఉన్నాను. అక్కడ నువ్వూ మీ అమ్మ బొమ్మక్కమ్మా ఎలా ఉన్నారో పోయిన ఆదివారం కోవిల్పట్టికి వచ్చినప్పుడు సగమే తెలిసింది. నువ్వు ఇంట్లో ఉండి ఉంటే మిగతా సగమూ తెలిసేది.

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకు రాస్తున్నానో నీకు చెప్పనక్కర్లేదు. బడిలో తమిళమే నేర్చుకున్న మన ఊళ్ళలో, ఇంట్లో మాట్లాడే తెలుగును చదవడం ఎవరికీ రాదు. నేను తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తూ నేర్చుకున్నాను. నీకు మన కంటి ఆసుపత్రి ల్యాబులో, మధ్యాహ్నం అన్నం తిన్నాక, పారేయాల్సిన గాజు స్లైడ్ల మీద అక్షరాలు రాసి నేర్పాను. 'ఋ' రాసి చూపిస్తే, ఇది అక్షరమా పాపా, బూజు తలకాయా అని అడిగావు. ఇప్పుడు నువ్వు పనిచేసే చోట ఈ కవరు ఎవరు విప్పినా చదవలేరు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. కాబట్టి ఇదొక్కటే దారి.

ముందు ఇక్కడి సంగతులు. కంట్లో బూజు, అదే ఫంగస్, చేరినవాళ్ళ కన్నీటి మీద పని మొదలైంది. సన్నటి కాగితం ముక్కను కింది రెప్పలో ఐదు నిమిషాలు ఉంచుతాం. అది పీల్చుకున్న నీటిలో, బూజుతో పోరాడటానికి ఒళ్ళు పంపే ప్రోటీన్లు ఎంతున్నాయో కొలుస్తాం. ఆ పోరాటం మితిమీరితే మన కణాలే మన నల్లగుడ్డును కరిగించేస్తాయి. ఎవరిలో మితిమీరుతుందో ముందే తెలిస్తే మందు మార్చి కన్ను నిలపవచ్చు. ఇప్పటికి నలభై ఒక్కమంది చేరారు. అందులో ఇరవై ఆరుగురు పొలం పనివాళ్ళు. జొన్న ఆకు గీసుకున్నవాళ్ళు, ముల్లు తగిలినవాళ్ళు, ఎద్దు తోక కొట్టినవాళ్ళు.

ఈ లెక్కలన్నిటికీ మొదట ఒక మనిషి మైక్రోస్కోపులో స్లైడు చదివి అది బూజేనా అని తేల్చాలి. అక్కడ తప్పితే నా ప్రోటీన్ల కొలతలు ఎందుకూ పనికిరావు. నీ చోటికి ఇద్దరు వచ్చి వెళ్ళిపోయారు. ఇప్పుడు ప్రభాకరన్ అనే అబ్బాయి ఉన్నాడు. మంచివాడు, వేగంగా చదువుతాడు. నువ్వు మెల్లగా చదివేదానివి. స్లైడును ఎడమ నుంచి కుడికి, మళ్ళీ కుడి నుంచి ఎడమకు, చేను దున్నుతున్నట్టు ఒక్క సాలు వదలకుండా జరిపేదానివి. బూజు పోగు దొరికితే గొంతులో చిన్న శబ్దం చేసేదానివి, మాట కాదు. మూడేళ్ళయినా ఆ శబ్దం వినిపించిందనుకుని పక్కకు తిరుగుతాను. ప్రభాకరన్ ఏం కావాలి మేడం అంటాడు. ఏమీ లేదంటాను.

ఆదివారం మీ అమ్మ గుమ్మంలోనే, ఇప్పుడన్నా దోవ తెలిసెనా పాపా అని పలకరించింది. నువ్వు ఎట్టయాపురంలో పెండ్లికి వెళ్ళావంది. నేను ఎవరి పెళ్ళి అని అడిగాను. ఎవరిదో, దానికీ తెలీదు, నువ్వు వస్తావని తెలిసి పొయ్యె పాపా అంది. తర్వాత నవ్వింది. కాఫీ ఇచ్చింది. ఇంత సన్నంగా అయిపోతివే, ఆ ఆసుపత్రిలో తిండి పెట్టరా అంది. నీ గురించి నేను అడగకుండానే చెప్పింది. సూది గుచ్చేది, రక్తం తీసేది, అంతే చేస్తుంది పాపా, ఆ మైక్రోస్కోపు దగ్గరికే పోదు, ఎవరన్నా పిలిస్తే లేచి బయటికి పోతుంది అంది. ఎందుకని అడిగాను. నువ్వు ఆమెతో చెప్పిన మాటే ఆమె నాకు చెప్పింది: అంత చదివిన బృందే చూసి పత్తి అనె, అట్లయితే ఆ స్లైడే అట్లా ఉండె, మల్లా అట్లాంటిది వస్తే మల్లా ఒకరి కన్ను పోతుంది, నాకొద్దమ్మా.

ఈ మాట విన్నాక తిరుగు బస్సులో సాత్తూరు దాటేదాకా నేను కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు జరిగింది ఒకసారి వరసగా రాయాలి.

2022 మార్చి 9, బుధవారం. పొన్నుసామి గారు, వయసు యాభై రెండు, ఎట్టయాపురం పక్క పల్లె. మనం మాట్లాడుకోవడం విని, మీరు మనోళ్ళేనా అమ్మా అని అడిగాడు. పత్తి తీస్తుండగా కంట్లో ఏదో పడిందనీ, వారమైనా ఎరుపు తగ్గలేదనీ చెప్పాడు. డాక్టరు కంటి మీద నుంచి గీకి ఇచ్చినదాన్ని నువ్వు స్లైడు మీద పెట్టి, మందు చుక్క వేసి, పది నిమిషాలు ఆగి చూశావు. పాపా, ఇది కొమ్మలేసుండాది, నడుమ అడ్డగోడలుండాయి, వొచ్చి చూడు అని మూడుసార్లు పిలిచావు. నేను వచ్చి, వంగి చూసి, పత్తి పోగు అన్నాను. పత్తి పోగుకు కొమ్మలెక్కడివి అన్నావు నువ్వు. పత్తి చేను నుంచి వచ్చిన కన్ను అక్కా, పత్తి కాక ఇంకేముంటుంది అన్నాను. నువ్వు రిపోర్టులో 'బూజు కనిపించలేదు' అని రాసి సంతకం చేశావు.

ఆ రిపోర్టు చూసి డాక్టరు వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చారు. బూజు ఉన్న కంట్లో ఆ చుక్కలు వేస్తే కాపలావాణ్ణి నిద్రపుచ్చినట్టే. మూడో రోజుకు, ఆయన కంటి నుంచి గీకినదాంట్లో కొంత వేసి పెంచిన, నువ్వు 'దుంపల కూర' అనే ఆ బంగాళాదుంప పళ్ళెంలో ఫ్యుసేరియం బూజు తెల్లగా లేచింది. ఆయన ఇచ్చిన ఫోన్ నంబరు పక్కింటివాళ్ళది, ఎవరూ ఎత్తలేదు. ఎనిమిదో రోజు ఆయనే వచ్చాడు. కన్ను తీసేయాల్సి వచ్చింది.

విచారణలో నువ్వు, ఇద్దరం చూస్తిమి సార్, ఇద్దరికీ పత్తిగానే కనిపించె అన్నావు. నీకు అలా కనిపించలేదు. ఆ నెలలోనే నా పరిశోధనకు నిధులు రావాల్సి ఉందని నీకు తెలుసు, అందుకే అన్నావు. నేను నీ పక్కనే నిలబడి తల ఊపాను. కాగితం మీద ఉన్నది నీ సంతకం ఒక్కటే. నిన్ను పంపేశారు. నాకు నోటిమాటగా హెచ్చరిక చేశారు. ఫైలులో 'టెక్నీషియన్ చదవడంలో పొరపాటు' అని ఉంది.

అక్కా, కొత్త పనికి స్లైడ్లు చదివే మనిషి ఒకరు కావాలి. నువ్వు వస్తే నాకు ఎంత సంతోషమో రాయడం నాకు చేతకాదు. రాకపోయినా సరే. కోవిల్పట్టిలోనే ఉండు, కానీ మైక్రోస్కోపు ముందు కూర్చో. మన ఇద్దరి పొరపాటుకు నువ్వొక్కదానివే కళ్ళు మూసుకుని బతకడం నేను చూడలేను.

బొమ్మక్కమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ పక్క స్టూలు మీద కూర్చునే,
బృంద.

తా.క. 17 మార్చి, సోమవారం. పై ఉత్తరం మూడు రోజులుగా నా సంచిలోనే ఉంది. పోస్టు చేయలేకపోయాను, ఎందుకంటే అందులో రెండు మాటలు నిజం కావు. ఒకటి, 'వంగి చూసి'. రెండు, 'మన ఇద్దరి పొరపాటు'.

నేను వంగాను. చూడలేదు. చెవి దగ్గర ఫోన్ ఉంది. ఢిల్లీ నుంచి నిధుల గురించి మాట్లాడుతున్నారు. కళ్ళద్దాలు నుదుటి మీద ఉన్నాయి, ఫోకస్ నా కంటికి తగ్గట్టు తిప్పుకోలేదు. బూడిదరంగు మసక తప్ప నాకేమీ కనిపించలేదు. పత్తి అన్న మాట స్లైడులో నుంచి రాలేదు, పొన్నుసామి గారి నోట విన్నది. ఆ స్లైడు పత్తిలా ఉందో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. దాన్ని చూసిన మనిషివి నువ్వొక్కదానివే, నువ్వు చూసింది సరిగ్గానే చూశావు.

ఇదే తమిళంలో రాసి, సంతకం చేసి, శనివారం ఆసుపత్రి ఆఫీసులో ఇచ్చాను. నకలు ఇందులో పెడుతున్నాను. వాళ్ళు ఏం చేస్తారో తెలియదు. ఈ ఉదయం బస్సెక్కి పొన్నుసామి గారి ఊరు వెళ్ళి ఆయనకూ చెప్పాను. ఆయన నన్ను కూర్చోమనలేదు. తర్వాత, అట్లయితే ఆ ఇంకో పాపది తప్పు లేదా అని అడిగాడు. లేదన్నాను.

అది ఆ పాపకు చెప్తిరా అని అడిగాడు.

ఇంకా లేదన్నాను.