పూర్తయింది అనే బటన్

మంగళవారం, రాత్రి

పాఠ్య ప్రణాళికల యాప్ తయారుచేసే అమ్మాయి ఈరోజు సూర్యాపేట నుంచి మా చివ్వెంల బడికి వచ్చింది. టీచర్లకు ఇంకా సులువు కావాలంటే ఏం మార్చాలని అడిగింది. అందరూ "మంచిగనే ఉంది మేడం" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"పాఠం ఒక్క రోజుల ఒడవకపోతే ఏం నొక్కాలె బిడ్డా? 'పూర్తయింది' నొక్కితే తప్ప రేపటి పేజీ తెరుసుకోదు" అన్నాను.

"మరి మీరేం చేస్తున్నరు మేడం?"

"నొక్కుతున్న."

ఆమె తన ఫోన్ నావైపు తిప్పింది. నా నాలుగో తరగతి భాగహారం పక్కన పచ్చని టిక్కు. సగం మంది పిల్లలకు అది ఇంకా రానే లేదు.

"'ఇంకా ఉంది' అని ఒక బటన్ పెడత మేడం" అంది. మంచి పిల్ల. ఎప్పటికి పెడుతుందో...

రేపు యాప్ భిన్నాలు చెప్పమంటుంది. నేను భాగహారమే చెబుతాను. సాయంత్రం భిన్నాలు పూర్తయ్యాయని నొక్కుతాను.